పోదు, అణిగి ఉంటుంది

వేటల కాలం ముగిసింది. ఫిబ్రవరి ఆఖరు.
ప్లాసెన్సియా పొలిమేరలో, పెట్రోలు బంకు వెనక దొరికిందట.
ఎముకల మీద తోలు ఆరేసినట్టున్న వేటకుక్కను
మా చెల్లెలి కొడుకు వ్యాన్లోంచి దింపాడు.
"పదిహేను రోజులే, పెద్దమ్మా."
పదిహేను రోజులంటే ఎన్నాళ్ళో
ఇద్దరికీ తెలుసు.

కుందేళ్ళను ఓడించిన కాళ్ళు
మూడు మెట్లు చూసి వణికాయి.
ఒక్కో పంజా పట్టుకుని ఒక్కో మెట్టు మీద పెట్టాను
వారం రోజులు.
కళ్ళ చుట్టూ వెంట్రుకలు రాలి
ముసలి పంతులమ్మ కళ్ళజోడు పెట్టుకున్నట్టు ఉండేది.
ఒంట్లో మరేదీ పెరగలేదు గానీ
గోళ్ళు మాత్రం కొడవళ్ళలా వంకర తిరిగాయి.
గచ్చు మీద టక్, టక్, టక్.
ఎవరో లెక్క తప్పకుండా పూసలు జరుపుతున్నట్టు.

డాక్టర్ బెగోన్యా రక్తపరీక్ష కాగితం నా వైపు తిప్పింది.
లీష్మానియా.
ఆవగింజంత ఇసుక ఈగ చేసిన పని.
"తగ్గుతుందా?"
"పోదు. అణిగి ఉంటుంది.
మీరు మరిచిపోయిన రోజున అది గుర్తు చేస్తుంది."
పొద్దున మాత్ర, రాత్రి మాత్ర.
కాలేయం పెట్టొద్దు, సార్డీన్లు పెట్టొద్దు, రాళ్ళు పడతాయి.
బతికున్నంత కాలం, అంది.
ఎవరు బతికున్నంత కాలం అని నేనడగలేదు.
నాకు అరవై ఎనిమిది.

చెర్రీతోటలు పూసినప్పుడు తనకో పేరు పెట్టాను, సెరేసా అని.
పిలిస్తే చెవి ఒకటే వచ్చేది, కుక్క వచ్చేది కాదు.
బంగాళాదుంప ముద్దలో మాత్ర దాస్తే
ముద్ద మింగి మాత్రను నా చెప్పులో ఉమ్మేది.

ఎండాకాలం సాయంత్రాలు వీధంతా కుర్చీలు వేసుకుంటుంది.
మేమిద్దరం కిటికీలు బిగించుకుని
ఫ్యాను కింద.
"కుక్క కోసం గాలిని కూడా బయటికి గెంటావు కాసిల్దా"
ఎలాదియో గోడ అవతల నుంచి నవ్వాడు.
ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు.
తలుపు ధడాలుమంటే
ఇప్పుడు నేనూ బల్ల కింద చోటు వెతుకుతున్నాను.

సలమాంకా వాళ్ళు తీసుకెళ్ళారు సెప్టెంబరులో.
పదకొండో రోజున తెచ్చేశారు.
"పిల్లలున్న ఇల్లు కదండీ."
తాకితే అంటదని డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం
మడత విప్పకుండానే తిరిగొచ్చింది.
దుప్పటి మాత్రం ఉతికి, ఇస్త్రీ చేసి ఇచ్చారు.
ఇరవై ఆరేళ్ళు హోటల్ దుప్పట్లు ఇస్త్రీ చేసినదాన్ని.
సిగ్గుపడుతూ పెట్టిన మడతను
గుర్తుపట్టలేనా?

నవంబరులో గెంట్ నుంచి వచ్చింది లీవా, రైలు మారి రైలు మారి.
చెయ్యి చాపలేదు. పిలవలేదు.
కోటు విప్పకుండా గచ్చు మీద కూర్చుంది, గోడకు ఆనుకుని.
నేను జాబితా చదవడం మొదలుపెట్టాను:
మాత్రలు, ఆరు నెలలకోసారి మూత్రపిండాల పరీక్ష,
ముదిరితే కీళ్ళు, ముక్కులోంచి రక్తం.
నిజం చెప్పాలి.
వద్దంటుందేమోనన్న ఆశతో,
ఒక్కో మాటా కాస్త బరువుగా చదివాను.

ఆమె సంచిలోంచి ఏడు గడుల డబ్బా తీసింది.
వచ్చీ రాని స్పానిష్‌లో
"నాకూ పోనిదే ఒకటుంది" అంది.
శుక్రవారం గడి తెరిచి
తన పచ్చ మాత్ర పక్కన
చోటు చూపించింది.

టక్, టక్.
సెరేసా వెళ్ళి ఆమె బూటు వాసన చూసింది.

మర్నాడు వ్యాను దగ్గర ఎత్తబోయాను.
అక్కర్లేకపోయింది.
రెండు మెట్లూ
తనే ఎక్కేసింది.
నేర్పింది నేనే కదా, మరి ఎవరి మీద అలుగుతాను?

రాత్రి ఎనిమిదికి నా చేతులు
బంగాళాదుంప మెదిపేశాయి.
ఉప్పు వేసుకుని నేనే తిన్నాను.
బయట చలి. చలికాలం ఇసుక ఈగలు ఉండవు,
కిటికీ బార్లా తీసి పెట్టుకోవచ్చు.
తీశాను కూడా.
చీకటి పడ్డదని గుర్తొచ్చి
లేచి మూశాను.