కుడివైపుకే

సాన్‌చోంగ్‌లో, మరమేకుల కార్ఖానా మీద నాలుగో అంతస్తు.
కింద ప్రెస్సు దిగినప్పుడల్లా
నా గీత ఒక గడి పక్కకు జరిగేది.
గళ్ళ కాగితం, మూడు రంగు పెన్సిళ్ళు.
మూడే. నాలుగోది పారదర్శకమని లెక్కలో రాసుకోవాలి.

చర్మానికొకటి, చొక్కాకొకటి,
తుపాకీకీ జుట్టుకీ బూట్లకీ కలిపి నలుపు.
కళ్ళకేమీ మిగల్లేదు.
ఆ చోట రెండు గళ్ళు ఖాళీగా వదిలేశాను.

అలా పుట్టాడు మా సిపాయి.
అడవిలో పరిగెడితే వాడివి ఆకుపచ్చ కళ్ళు,
వంతెన మీద నీలం,
తగలబడే చమురు డిపో ముందు
చూడబుద్ధి కానంత ఎరుపు.
"ఏం పనితనం!" అన్నాడు యజమాని కో.
పనితనమనే అనుకోనిచ్చాను,
రెండు నెలల జీతం బాకీ మరి.

ఆటకు అనుమతి లేదు, ఏ కంపెనీ ముద్రా లేదు.
అసలు పెట్టెలో ఒక తాళం చిప్ కూర్చుని
మాటిమాటికీ నువ్వెవరని అడుగుతుంది.
మా కార్ట్రిడ్జ్ జవాబు చెప్పదు,
కరెంటుతో దాని కణత మీద ఒక్కటిస్తుంది.
అది అడగడం మర్చిపోతుంది.
ఆ మరపులోనే మావాడు పరిగెత్తాలి.

కోడ్ రాసింది లియావ్ జుంగ్-హాన్.
కుర్చీలో బాసింపట్టు వేసుకుని
పుచ్చగింజలు కొరికేవాడు.
ఒక పొట్టు మీట కింద ఇరుక్కున్న రోజు
శత్రువులందరూ ఉన్నచోటే గెంతుతూ ఉండిపోయారు.
"ఎడమకెందుకు వెళ్ళనివ్వవు?" అన్నాను.
"వెనకదంతా చెరిపేస్తున్నా. చోటు లేదు."
అది మెమరీ గురించే.
అంతకు మించి వాడి మాటల్లో ఏమీ వెతక్కండి.

ఆరో దశ సగంలో ఉండగా
సైన్యం నుంచి పిలుపొచ్చింది. జిన్‌మెన్ దీవి, రెండేళ్ళు.
వెళ్ళే ముందు రాత్రి, తలెత్తకుండా,
"ఒక బొమ్మ కావాలి. కూర్చున్నది."
"కూర్చుంటే కాల్చేయరూ?"
"గీయి."
గీశాను. మోకాళ్ళు దగ్గరగా, తుపాకీ నేల మీద.
గళ్ళు చాలక ఒక బూటు ఎగ్గొట్టాను.

కో ఆగలేదు.
ఆరో దశ తెగిన చోటును మొదటి దశకు అతికించి
డబ్బా మీద 'అంతులేని యుద్ధం' అని అచ్చేయించాడు.
పేరు పెడితే లోపం కూడా సరుకే.

జిన్‌మెన్ నుంచి ఒకే ఒక్క ఉత్తరం:
"ఇక్కడ పరుగూ లేదు, కాల్పులూ లేవు.
ఎదురుగా సముద్రం, అవతల వాళ్ళ దీపాలు.
నాలుగేసి గంటలు నిలబడతాం.
జొన్నసారా మాత్రం బాగుంటుంది."
బొమ్మ ఏమైందో రాయలేదు. నేనూ అడగలేదు.

ముప్పై రెండేళ్ళ తర్వాత
పాత సామాన్ల బజార్లో, యాభై డాలర్లకు,
స్టిక్కర్ మీది సిపాయికి ఎవరో పిల్లాడు మీసాలు గీసిన కార్ట్రిడ్జ్.
ఊదాను, పెట్టాను.
మూడు ప్రాణాల్లో రెండు వంతెన దగ్గరే పోయాయి;
గీసినదాన్నే కానీ ఆడటం ఎప్పుడూ రాలేదు.
పొయ్యి మీద ముల్లంగి చారు పొంగిన చప్పుడు.
ప్యాడ్ నేల మీద పడేసి పరిగెత్తాను.

తిరిగొచ్చేసరికి చచ్చుంటాడనుకున్నా.
తూటాలు గాల్లో ఆగి ఉన్నాయి.
వంతెనకు అటు చివర శత్రువులు
బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడ్డారు.
వాడు కూర్చున్నాడు.
మోకాళ్ళు దగ్గరగా, కళ్ళనిండా నది.

ఎన్ని నిమిషాలని పెట్టావు లియావ్?
గెలవాలని ఆడినవాళ్ళెవరూ దీన్ని చూసుండరు.
అన్నానికి రమ్మని అమ్మ జబ్బ పట్టి లాక్కెళ్ళిన
ఏ పిల్లో ఏ పిల్లాడో చూసుంటారు,
చెబితే ఎవరూ నమ్మి ఉండరు.

ఏ బటన్ నొక్కినా లేచిపోతాడు.
నొక్కలేదు.
స్టూలు లాక్కుని, చారు గిన్నె ఒళ్ళో పెట్టుకుని
వాడి కాళ్ళ దగ్గర వెతుకుతున్నాను,
కాస్త ముడిచి గీసుంటే
ఆ రెండో బూటు పట్టేదే.