సజ్జ కింద గాడి

బోరబండ బడికి ఇంకో రెండు గదులు.
స్పెసిఫికేషన్ పుస్తకం నాది, మొదటిసారి.
హిమాయత్‌నగర్ ఆఫీసులో రాత్రి పదిదాకా కూర్చుని
ఇసుక ఏ జల్లెడ దిగాలో రాశాను,
తాపీ ఏ వైపు తిరగాలో రాశాను,
తలుపు మడతబందులకు స్క్రూలు,
ఆ స్క్రూలకు కంపెనీ పేరు.
నూట నలభై పేజీలు. నల్లటి అట్ట.

మొగులయ్య మేస్త్రీ దాన్ని
నీళ్ళ బిందె మీద మూత పెట్టాడు.
ఏమనను? సరిగ్గా సరిపోయింది.
స్క్రూల కంపెనీ మూతపడిందని తెలిశాక
తలుపులు నలభై రోజులు గోడకానుకుని నిలబడ్డాయి,
హోంవర్కు చేయని పిల్లల్లా.

రెండోసారి, షేక్‌పేటలో, సిగ్గుపడి పొదుపుగా రాశాను:
"మంచి పనితనంతో చేయవలెను."
ఎంత హాయిగా ఉందో ఆ వాక్యం!
కాంట్రాక్టరు రుక్మాంగదరావుకీ హాయిగానే ఉంది.
మంచి అంటే, ఆయన రేటుకు వచ్చేంత మంచి.

మృగశిర కార్తె దాటాక పడ్డ మొదటి వానకు
సజ్జ మీది నీళ్ళు కిందికి రాలకుండా
సజ్జ అడుగునే పాకుతూ గోడలోకి నడిచాయి.
మూడో తరగతిలో
భారతదేశం పటం పక్కన
ఇంకో దేశం తయారైంది, రోజూ సరిహద్దులు మారుస్తూ.

నిచ్చెనేసి మొగులయ్యే చూశాడు.
"గాడి లేదు మేడం.
అంచుకు గాడి తీస్తే నీళ్ళు ఆడ్నే తెగి పడుతయి."
"మరి తీయలేదేం?"
"మీరు రాయలే గద."
ఆ నూట నలభై పేజీల్లోనూ రాయలేదు.
అయినా బోరబండలో తీశాడు, ఎవరూ అడక్కుండానే.
"ఆడ రోజుకూలి. ఈడ గుత్త," అన్నాడు,
నిచ్చెన దిగుతూ, నా వైపు చూడకుండా.

ఇప్పుడు నాగోల్ పని. నా చేతిలో ఎర్ర పెన్ను.
తాపీ తిరిగే వైపు కొట్టేశాను,
ఆ మణికట్టుకు నాకంటే వయసెక్కువ.
స్క్రూల పేరు కొట్టేసి
తలుపు ఎంత బరువు ఆపాలో రాశాను.
క్యూరింగ్ దగ్గర మాత్రం
పది రోజులు, పూటకు రెండుసార్లు, గోనెసంచులు కప్పి,
ఒక్క అక్షరం తీయలేదు.
మే నెల. ట్యాంకరు నీళ్ళు.
కొనే చెయ్యి వేరు, తడిపే చెయ్యి వేరు.

గాడికి రెండు వాక్యాలు, చేత్తో గీసిన బొమ్మ ఒకటి.
వెడల్పు పన్నెండు మిల్లీమీటర్లు అని రాసి,
కొట్టేసి, మళ్ళీ రాసి,
పక్కన పెన్సిలుతో: చిటికెన వేలు దూరేంత.
ఎవరి వేలు అని అడుగుతారు విఠల్ సారు.
అడగనీ. కావాలంటే చెరుపుకోనీ.
సిరా కాంట్రాక్టరుకు,
పెన్సిలు మొగులయ్యకు.