నీలం ముక్క

బాకూలో రాత్రి బస్సెక్కితే
ఒక రాత్రి గది అద్దె మిగులుతుంది.
ఆ లెక్కతోనే షేకీలో దిగాను,
తెల్లవారకముందే, మెడ పట్టేసి.

గుల్బనీజ్ ఇంట్లో మంచం చౌక.
కిటికీలో పగిలిన అద్దం చోట టీ పెట్టె అట్ట.
"ఖాన్ మేడకి పదకొండింటికి వెళ్ళు, ముందు కాదు" అంది
రొట్టె తుంచుతూ, వేళ్ళతో ఎండ పడే తీరు చూపిస్తూ.
మా ఇద్దరి మధ్యా ఉన్న భాష:
నాకొచ్చిన ముప్పై రష్యన్ మాటలు, ఆమె రెండు చేతులు.

రాళ్ళ దారిలో టాక్సీలు హారన్ కొట్టి పిలిచాయి.
నడిచాను. పిండి కొద్దీ రొట్టె.
టికెట్ గది దగ్గర పరదేశి ధర వేరు,
ఆ డబ్బుకి బజార్లో ఒక పీతీ కుండ వస్తుంది,
మాంసం, శనగలు, పైన తేలే కొవ్వు.
ఆకలీ నేనూ కాసేపు వాదించుకున్నాం.
ఆకలి ఓడింది గానీ ఒప్పుకోలేదు,
ఆరు గదులూ గొణుగుతూనే నా వెంట తిరిగింది.

లోపల ఫొటోలు తీయకూడదు.
గైడు పిల్ల సెవింజ్ పాఠం అప్పజెప్పింది:
మేకు లేదు, జిగురు లేదు,
చెక్కలో చెక్క, చెక్కలో గాజు,
గజం మేరలో వేల ముక్కలు.
"ఇంత ఖాన్‌కి ఆరు గదులేనా?" అన్నాడొక జర్మన్ ముసలాయన,
ఇల్లు కొనడానికొచ్చినవాడిలా.
మేడ మీద గోడంతా యుద్ధం, తెగిన తలలు.
కింద గదిలో పూలకి అద్దిన ఎరుపే
అక్కడా అద్దినట్టుంది.

అప్పుడు వచ్చింది ఎండ.
నేలంతా పసుపూ ఆకుపచ్చా దొర్లాయి,
నా బూటు మడమకి నేనే వేసుకున్న
నల్లదారం కుట్ల మీదికి కూడా పాకాయి.
కాలు కదపలేదు.
సెవింజ్ చప్పట్లు కొట్టింది, తరవాతి గుంపు వచ్చేసింది.

బయట రెండు చినార్లు. మేడకన్నా పాతవి, టికెట్ లేనివి.
వాటి కింద పొద్దుటి రొట్టె తిన్నాను.

రాత్రి గుల్బనీజ్‌కి అంతా చెప్పాను,
ఆమె ప్రతిదీ దిద్దింది.
ఆ పూలకుండీ కుడివైపు కాదు, ఎడమ.
నెమలికి తోక అంత పొడుగుండదు.
తొమ్మిదేళ్ళు తుడిచిందట ఆ గాజుల్ని,
అగ్గిపుల్లకి దూది చుట్టి.
"రెండో గది, ఎడమ కిటికీ, అడుగు వరస.
ఒక నీలం ముక్క పక్కవాటితో కలవదు.
బాగుచేసినవాడికి ఆ రోజు దొరికింది అదే.
నేను దాన్ని ఆఖర్న తుడిచేదాన్ని.
చూశావా?"

చూడలేదు.

"పని మానేశాక మళ్ళీ వెళ్ళలేదా?"
"టికెట్ కొనా?" అని నవ్వింది,
గ్లాసులో టీ ఒలికేదాకా.

పొద్దున్నే కొండెక్కాను మళ్ళీ.
గేటు తీయడానికి గంట, నా బస్సుకి నలభై నిమిషాలు,
జేబులో బస్సుకి సరిపడా చిల్లర.
ఊచల్లోంచి వెతికాను: ఎడమ కిటికీ, అడుగు వరస.
బయటినుంచి చూస్తే
అన్ని గాజులూ ఒకటే నలుపు.

సంచీ తీసుకోవడానికి వెళితే
గుమ్మంలో నిలబడి ఉంది,
కాగితంలో చుట్టిన హల్వా ముక్కతో.
ఎక్కడికి వెళ్ళొచ్చానో అడగలేదు.
కనుబొమలు మాత్రం ఎత్తింది.

చూశాను, అన్నాను.
నాకొచ్చిన ముప్పై మాటల్లో అదొకటి.