తప్పు గడి

పనికెళ్ళిన ప్రతి ఇంటికీ ఒక కాగితం పట్టుకెళతాను.
వచ్చిన వేళ, వెళ్ళిన వేళ, చేసిన పని,
అడుగున రెండు గడులు:
సాయం చేసినవారు. సాయం పొందినవారు.
మునిసిపాలిటీ కాగితం. ఈ మధ్య అదీ ఇవ్వడం లేదు.
పాతవాటి వెనకవైపు నేనే గీతలు కొట్టుకుంటున్నాను.

వోలోస్ రేవు మీద పొద్దున్నే పొగ.
ఓడల పొగ కాదు.
హీటరు చమురు ధర పెరిగాక
ఊరు ఊరంతా ఏది దొరికితే అది తగలేస్తోంది:
కిటికీ రెక్కలు, వార్నిషు కుర్చీలు,
ఎవరి మంచందో ఒక కోడు.
దగ్గుతూ నడుస్తాను. నా జాబితాలో పద్నాలుగు గుమ్మాలు.
ఇరవై రెండు ఉండేవి.
కొందరు పోయారు.
కొందరి వీధులకు బస్సు రావడం మానేసింది.

ఎవాంథియాది మూడో అంతస్తు.
లిఫ్టు బిల్లు ఎవరూ కట్టలేదు గనుక
ఆమె ఏడాదిగా నేల తొక్కలేదు.
ముప్పై ఒక్క ఏళ్ళు పొగాకు గోదాములో
ఆకు తాకి రకం చెప్పిన వేళ్ళు
ఇప్పుడు బీపీ మాత్రను గోటితో సగానికి విరుస్తాయి.
ముక్కల్లో పెద్దదేదో తడిమి
దాన్ని రేపటికి దాస్తాయి.
"డాక్టరు ఒకటి వేసుకోమన్నాడుగా?"
"ఆయన ఒకటి అని రాసిన రోజున
నా పింఛనూ ఒకటిగానే ఉండేది."

బుధవారం స్నానం.
వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడంటారు.
ఇక్కడ వేణ్ణీళ్ళు ఒక్క గిన్నెడు,
చన్నీళ్ళు కావలసినన్ని.
ముఖం, మెడ, వీపు దగ్గరికి వచ్చేసరికి
గోరువెచ్చనలో వెచ్చన పోయి
గోరు మిగులుతుంది.
పళ్ళు బిగబట్టి ఆమె గోదాము కబుర్లు చెబుతుంది:
సమ్మె రోజున గేటుకు తాళం వేసింది యజమాని కాదట,
వీళ్ళేనట, ఆయన లోపల ఉండగా.
వీపు వణుకుతుంది. చలికో నవ్వుకో తెలియదు.

ఆమెకు ఒక సంగతి చెప్పలేదు.
ఐదు నెలలుగా నాకు జీతం లేదు.
"నిధులు రావాలి" అంటాడు కౌంటరులో స్టెర్యోస్,
అతనికీ రాలేదు, అందుకే ముఖం తిప్పుకుని అంటాడు.
పద్ధెనిమిది మందిమి ఏడుగురం అయ్యాం.
ఎందుకు వెళతావని మా ఆయన అడగడం మానేశాడు.
నా దగ్గర గొప్ప జవాబేమీ లేదు.
బుధవారం వస్తుంది. ఆ గిన్నె గుర్తొస్తుంది.

తల తుడుస్తుంటే
నా మణికట్టు పట్టుకుంది.
ఆకును తడిమినట్టే తడిమింది.
"తేమ లేదు, బరువు లేదు. మూడో రకం" అంది.
"పొద్దున ఏం తిన్నావు, గరిఫాలియా?"

నేను అబద్ధం వెతుక్కునేలోపే లేచింది.
గోడ పట్టుకుని, కుర్చీ పట్టుకుని, మళ్ళీ గోడ,
వంటింటికి పదకొండు అడుగులు.
చర్చి వాళ్ళు శుక్రవారం పంచే సంచిలోంచి వండిన పప్పు,
చల్లారిపోయింది, పైన రెండు చుక్కల వెనిగరు.
ఒక గిన్నె. రెండు చెంచాలు.
నేను తింటున్నంతసేపూ
ఆమె చెంచా గిన్నె అంచునే తిరిగింది.
నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకూ తెలుసు.
ఆకలి రుచెరగదంటారు.
ఆ పప్పు రుచి ఇప్పటికీ చెప్పగలను.

వెళ్ళేముందు కాగితం ఇచ్చాను.
ఆమె చూపు ఎప్పుడో మసకబారింది.
పెన్ను బిగించి పట్టుకుని
పొడుగాటి సంతకం పెట్టింది,
సాయం చేసినవారి గడిలో.
"సరిగ్గా పడిందా?"
"సరిగ్గానే పడింది."
మిగిలిన గడిలో నా పేరు రాసుకున్నాను.

కింద వీధిలో ఎవరో బీరువా తలుపు నరుకుతున్నారు.
ఇంకా పదమూడు గుమ్మాలు.
మూల ఇంటి థ్రాసీవులోస్
పన్నెండు దాటితే గానీ తలుపు తీయడు,
దుప్పట్లో పోగేసుకున్న వేడి పోతుందని.
అందాకా మెట్ల మీద కూర్చుంటాను.
గాలినిండా వార్నిషు పొగ,
నా వేళ్ళకు వెనిగరు వాసన.