పదడుగుల జల్లెడ

బరంపురంలో పాత్రో దుకాణం బల్ల మీద
ఒక పటం పరిచాడు.
దేశం మీద కోడిగుడ్డులా ఒక గీత,
దాని చుట్టూ ఇంకొకటి, దాని చుట్టూ మరొకటి.
ఉపగ్రహం అడుగుజాడట అది.
లోపలి గీతలో ఉన్నవాళ్లకి ఆరడుగుల డిష్ చాలు,
దాన్ని దాటితే ఎనిమిది,
అదీ దాటితే పది.
"మీదే ఊరు?"
పర్లాకిమిడి అన్నాను.
పెన్సిలు మొనతో వెతికి వెతికి నవ్వాడు.
సరిగ్గా గీత మీద.

నాకేం కొత్త కాదు.
మా తాత పొలం ఒక రాష్ట్రంలో, కళ్లం ఒక రాష్ట్రంలో.
ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చదివేవాణ్ణి,
అంకెలు ఒడియాలో రాస్తాను,
కూడేది తెలుగులో.

ఎనిమిదడుగులదైతే వాన పడ్డ రాత్రి బొమ్మ చిట్లిపోతుంది.
పదడుగులదైతే పెరడు సగం పోతుంది.
రేకు పళ్లెమా, జాలీదా?
"బొమ్మకి రేకే మంచిది" అన్నాడు పాత్రో.
తుపానొస్తే?
"గొడుగులా లేచి ఏరు దాటి పాతపట్నంలో పడతాది.
అప్పుడు అదీ ఆంధ్రాదే."

మోటారు చెయ్యి పద్దెనిమిది అంగుళాలా, ఇరవై నాలుగా?
పొట్టిదైతే ఆకాశంలో సగం దారికే అలిసిపోతుంది.
ఇరవై నాలుగు అంది మనసు.
జేబు ఏమీ అనలేదు.

గున్నమ్మకి ఫోన్ చేశాను.
ధర అడగలేదు. ఛానెళ్లెన్ని అని అడగలేదు.
"కింద తోటకూరకి ఎండ తగుల్తాదా?"
పాత్రో జాలీ ముక్కనొకదాన్ని
ట్యూబులైటు కింద పట్టుకున్నాడు.
బల్ల మీద, పటం మీద, మా గీత మీద
సన్నటి వెలుగుచుక్కలు రాలాయి.
"తగుల్తాది" అన్నాను.
అలా తేలింది బేరం.

ఎసియా రయిత నడుంలోతు గొయ్యి తీశాడు.
పైపు నిలబెట్టి గుండుదారం వేలాడదీశాడు.
ఇది వెంట్రుకంత వాలినా
పైన ఉపగ్రహాల బాటంతా తప్పిపోతుందంటే
"మా చర్చి గంట స్తంభానికి లేదు ఇంత పట్టింపు" అన్నాడు.

దక్షిణం కోసం కర్ర పాతి
కార్తీకం ఎండలో కూర్చున్నాం.
నీడ ఇంక తగ్గనంత పొట్టిదయ్యేసరికి
గోడ గడియారంలో పన్నెండుకి ఇంకా ఇరవై నిమిషాలుంది.
ఇన్నేళ్లూ
ఎవరి మధ్యాహ్నానికి అన్నం తిన్నామో!

పడమట పనసచెట్టు అడ్డం.
కొట్టేయమన్నాడు బిగించడానికొచ్చిన కుర్రాడు.
నిరుడు నలభై కాయలిచ్చింది.
మూడు ఉపగ్రహాలు పనసచెట్టుకి వదిలేశాను.

ఇప్పుడు రాత్రిళ్లు బటన్ నొక్కితే
పెరట్లో మోటారు మూలుగుతుంది.
చూడి ఆవు తల తిప్పినట్టు
నిదానంగా తిరుగుతుంది జల్లెడ.
పేరున్న ఛానెళ్లకి ఇంత అక్కర్లేదు,
పక్కింటి మేడ మీది చిన్న గిన్నె చాలు.
నేను వెతికేది పేరులేని చోట్లు.

మొన్న పదిన్నరకి ఒకటి తగిలింది.
ఎక్కడిదో ఒక గది. ప్రసారం ఇంకా మొదలవలేదు.
వార్తలు చదివే ఆవిడ ఒక దుద్దు తీసి
నొప్పెట్టిన చెవిని నలుపుకుంటోంది.
ఎవరితోనో ఏదో అంటోంది,
ఆ భాష నాకు రాదు.
సిగ్గేసి, తిప్పబోయాను.
తోటకూర కాడల ఈనెలు తీస్తూ గున్నమ్మ
"ఉండనీ. ఆమె చెవి సర్దుకోనీ" అంది.
ఆవిడ దుద్దు పెట్టుకుంది. నీళ్లు తాగింది.
నిటారుగా కూర్చుని మావైపు చూసింది,
నోరు తెరిచింది,

మా వీధిలో కరెంటు పోయింది.

జల్లెడ ఎటు చూస్తోందో అటే ఉండిపోయింది.
తెల్లారి నేను మీటర్ల పుస్తకం పట్టుకుని బయల్దేరేసరికి
మడిలో తోటకూర మీద
చుక్కలు చుక్కలుగా ఎండ.