తాళాలు

థండర్ బేలో, గోధుమ గాదెల వెనక,
కర్లింగ్ క్లబ్బు తాళాలు నా దగ్గరుంటాయి.
మంచుకు నీళ్లు చల్లి నునుపు చేయడం నా పని.
మంగళవారం రాత్రి, రాళ్లు జారడం ఆగాక
వెనకగది తెరిచిపెడతాను వాళ్ల కోసం.

ముందు ఆర్వో లెహ్టినెన్, స్లెడ్జి మీద డ్రమ్ములు లాక్కుంటూ.
ముప్పయ్యేళ్లు వాయించిన బ్యాండు పేరు
ఇప్పుడు వకీళ్ల దగ్గరుంది.
లోర్న్ పెట్రిషిన్ బేస్ గిటారు పెట్టె మీద
మూడు బ్యాండ్ల స్టిక్కర్లు, ఒకదానిపై ఒకటి,
గీకినా ఊడనివి.
డెల్ఫీన్ ఒకిమా గొంతు తప్ప ఏమీ తేదు,
దాన్ని కూడా మఫ్లరు చుట్టి తెస్తుంది.
వెండెల్ ఎప్పుడూ ఆలస్యమే.
అతని పాత గుంపులో అందరూ పోయారు,
తిట్టేవాళ్లు లేక అలవాటైపోయింది.

మొదటి వారం వినాల్సింది మీరు.
ఒకటి, రెండు, మూడు అని నలుగురూ లెక్కపెట్టారు,
నాలుగు వేగాల్లో.
ఆర్వో వినికిడి యంత్రం కీచుమంటే
అదీ పాటలో భాగమేననుకుని తలూపాడు వెండెల్.
తాళాలు నా దగ్గరుంటాయన్నాను గదా,
ఆ రాత్రి వాళ్ల దగ్గర ఒక్కటీ లేదు.

పల్లవి దాటగానే లోర్న్ కాస్త ఆగుతాడు,
అక్కడ ఒకప్పుడు మౌత్ ఆర్గాన్ వచ్చేదట.
వెండెల్ ఎడమకు తిరిగి నవ్వుతాడు.
ఎడమన గోడ.
డెల్ఫీన్ చివరి మాట సగంలో వదిలేస్తుంది,
చెల్లెలు అందుకునేది కాబోలు.
నలుగురే ఉన్న గదిలో
కుర్చీలు చాలనంత మంది.

మార్చిలో ఓ రాత్రి కరెంటు పోయింది.
ఆంప్లిఫయర్లు నోరు మూశాయి. కంప్రెసర్ ఆగి
పక్క హాల్లో మంచు చెమర్చడం మొదలెట్టింది.
నేను టార్చి తడుముకుంటుంటే
డెల్ఫీన్ ఎత్తుకుంది,
సరుకు రైలు మీద,
అమ్మ కుట్టిన జింకతోలు చేతొడుగుల మీద ఓ పాట.
ఆర్వో యంత్రం తీసి జేబులో వేసుకుని
బూట్లు విప్పి, నేలకు పాదాలానించి వాయించాడు.
చివరి మాట ఆమె వదిలేసింది, అలవాటుగా.
లోర్న్ అందుకున్నాడు.

బాగా పాడలేదు, అబద్ధమెందుకు.
గొంతులో గులకరాళ్లు, శ్రుతికి అవతలి ఒడ్డున.
ఆమె ఆగింది.
చాలాసేపటికి, "మళ్లీ" అంది.

మంచు పాడైంది. తెల్లారేదాకా గీకాను.
కమిటీ అడిగితే నెపం కంప్రెసర్ మీదికి నెట్టాను.

బ్యాండుకింకా పేరు లేదు.
పేరుంటే వకీళ్లొస్తారంటాడు ఆర్వో.
పోస్టరు మీద ఏదో ఒకటి ఉండాలి కదాని
"మంగళవారం" అని రాశాను.
కచేరీ శనివారం.