తొడ ఎముక మెడ

ఎక్స్‌రే గది తలుపు మీద ఆ కాగితం నేనే అంటించాను:
కడుపుతో ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి.
పదకొండేళ్ళుగా అడిగి అడిగి
వెనక్కి పంపడమే నా సగం ఉద్యోగం.

ఇవాళ పంపలేదు.
పక్కనున్న అయస్కాంతం గదికి తీసుకెళ్ళాను.
మందు ఎక్కించొద్దని చీటీలో రెండుసార్లు రాసుంది.
నాంపల్లి రోడ్లు ఊడ్చే చంద్రకళ, ఏడో నెల,
గోడ పట్టుకుని వచ్చింది.
పడలేదట. దెబ్బ తగల్లేదట.
"మోస్తే నొయ్యదా" అన్నారట అందరూ.
ఆ మాట మీదే మూడు వారాలు చీపురు పట్టింది.

మెట్టెలు ఊడి రాలేదు. పాదాలు పొంగి ఉన్నాయి.
సబ్బు నురగతో ఒక్కొక్కటీ జార్చి
బయట, నా టిఫిన్ మూతలో పెట్టాను.

గొట్టంలో దడదడ మొదలవగానే
లోపల బిడ్డ తన్నింది. బొమ్మ చెదిరింది.
మళ్ళీ తీశాను. మళ్ళీ తన్నింది.
మూడోసారికి ఇద్దరూ అలిసిపోయినట్టున్నారు,

తెల్లగా ఉబ్బిన మూలుగ మధ్య
తలవెంట్రుకంత నల్లటి గీత.
బొమ్మ అంచున, సగమే పడి,
అగ్గిపుల్లంత ఇంకో తొడ ఎముక.
దాని మీద ఏ గీతా లేదు.

డాక్టరు చెప్పాక ఏడుస్తుందనుకున్నాను.
"ఇరిగిందా? నిజంగనే?"
మొహం విప్పారింది.
"అయితే నేను నాటకాలాడలే గదా!
గా ముక్క తెలుగుల రాసియ్యి మేడం, పెద్దగ.
మా సూపర్‌వైజర్‌కు దగ్గరిది కానరాదు."

రాసిచ్చాను.
చక్రాల కుర్చీ లిఫ్టు దాకా పోయాక
మెట్టెలు గుర్తొచ్చి
మూతతో సహా పరుగెత్తాను.